పెరుగుతున్న సంస్థల్లో మరుగున పడే నైపుణ్యాలు: గుర్తింపు, నమోదు, వినియోగం

పెరటిచెట్టు మందుకు పనికిరాదని సామెత. కళ్ల ఎదుట ఉన్నదాని విలువను గుర్తించలేకపోవడం మానవ సహజమని మన పెద్దలు ఏనాడో గమనించారు. పదిమందికి పని కల్పించే సంస్థలకూ ఈ సామెత చక్కగా వర్తిస్తుంది. కాలరు కుట్టే మనిషి దొరకడం లేదని దుస్తుల యూనిట్ యజమాని పొరుగు జిల్లాలో వెతుకుతూ ఉంటాడు. కాలరు నేర్పుగా కుట్టగలిగిన స్త్రీ అదే కప్పు కింద అట్టపెట్టెలకు టేపు అంటిస్తూ ఉంటుంది. అతనికి ఆమె ఒక హెల్పరు మాత్రమే. ఆమెను అడిగినవారు లేరు, ఆమె చెప్పుకొన్నదీ లేదు.

ఒక ఉద్యోగికి వచ్చి ఉండి, అతని హోదాలో గానీ, సంస్థ రికార్డులో గానీ, జీతంలో గానీ కనిపించని పనితనాన్నే ఇక్కడ మరుగున పడిన నైపుణ్యం అంటున్నాం. దీనివల్ల సంస్థకు కలిగే నష్టం ఒకటైతే, ఉద్యోగి కుటుంబానికి కలిగే నష్టం మరొకటి. ఇటువంటి నైపుణ్యం ఎందుకు మరుగున పడుతుంది, దానిని వెలికితీయడానికి ప్రపంచంలో ఏయే పద్ధతులు ఏర్పడ్డాయి, చిన్న సంస్థలు వాటిని ఎలా పాటించవచ్చు, కార్మిక కుటుంబాలు తమవంతుగా ఏమి చేయవచ్చు అనే అంశాలను ఈ వ్యాసం క్రమంగా వివరిస్తుంది.

సంస్థ పెరిగినప్పుడు ఏమి జరుగుతుంది?

పదిమంది పనిచేసే చోట యజమానికి ప్రతి ఒక్కరి చేతివాటమూ తెలుసు. ఎవరు ఏ పనిలో దిట్ట, ఎవరికి ఏ పని అప్పగించకూడదు అన్నది అతని మనస్సులోనే ఉంటుంది. కాగితంతో అవసరం ఉండదు. సంస్థ వందమందికి పెరిగినప్పుడు ఈ పరిస్థితి మారిపోతుంది.

చిన్న లెక్కతో దీనిని అర్థం చేసుకోవచ్చు. పదిమందిలో ఇద్దరిద్దరి మధ్య ఏర్పడగల పరిచయాలు 45. వందమందిలో ఆ సంఖ్య 4,950. మనుషులు పదిరెట్లు అయితే, వారి మధ్య పరిచయాలు 110 రెట్లు కావలసి వస్తుంది. అన్ని పరిచయాలు ఏర్పడడం సాధ్యం కాదు కాబట్టి ఒకరి పనితనం మరొకరికి తెలియకుండా పోతుంది. యజమానికి, కార్మికునికి మధ్య సూపర్‌వైజరు, మేనేజరు, కాంట్రాక్టరు వచ్చి చేరుతారు. యజమాని కంటికి మనిషి బదులు హాజరుపట్టీలోని పేరు, దాని పక్కన హోదా మాత్రమే కనబడతాయి.

హోదా అనేది ఉద్యోగంలో చేరిన రోజున రాసిన మాట. ఆ తరువాత అయిదేళ్లలో ఆ మనిషి నేర్చుకున్నది అందులో ఉండదు. పాత సూపర్‌వైజరుకు అది నోటిలెక్కగా తెలిసి ఉండవచ్చు. ఆయన ఉద్యోగం మానిన మరునాడు ఆ లెక్క కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది. కొత్తగా వచ్చిన అధికారి దృష్టిలో పాత కార్మికుడు మళ్లీ మొదటి మెట్టుమీద ఉన్నట్టే. పెరిగే సంస్థల్లో పాతవారికి కలిగే మనస్తాపానికి ఇది ఒక ముఖ్య కారణం.

మరుగున పడే నైపుణ్యాల రకాలు

వీటిని స్థూలంగా నాలుగు రకాలుగా విభజించవచ్చు.

మొదటిది, చేస్తూ ఉన్నా పేరు లేని పని. హెల్పరుగా నమోదై టైలరు పని చేసేవారు, అటెండరుగా చేరి స్టాకు లెక్కలు చూసేవారు ఈ కోవకు చెందుతారు.

రెండవది, చేతిలో ఉండి మాటల్లోకి రాని నేర్పు. సాంచా శబ్దం మారగానే ఏ భాగం అరిగిందో చెప్పగలిగే నేతకార్మికుడు అది తనకు ఎలా తెలిసిందో వివరించలేడు. మనిషి తాను చెప్పగలిగినదానికంటే ఎక్కువ తెలిసినవాడని హంగరీలో జన్మించిన తత్వవేత్త మైకేల్ పొలానీ 1966లో ప్రతిపాదించాడు. అప్పటినుండి ఇటువంటి మౌన జ్ఞానం గురించి పండితులు విస్తృతంగా చర్చించారు.

మూడవది, ఉద్యోగానికి వెలుపల సంపాదించిన విద్య. ఇంటివద్ద రవికలు కుట్టడం, పొదుపు సంఘం లెక్కలు రాయడం, పొలంలో మోటారు బాగుచేసుకోవడం వంటివి ఇందులోకి వస్తాయి. స్వయం సహాయక సంఘంలో తీర్మానాల పుస్తకం, పొదుపు ఖాతా పొరపాటు లేకుండా నిర్వహించిన స్త్రీ కర్మాగారంలో చేరినప్పుడు, ఆ అనుభవం దరఖాస్తులో ఎక్కడా కనిపించదు.

నాలుగవది భాష. సరిహద్దు ప్రాంతాలవారికి ఇది చాలా ముఖ్యమైనది కాబట్టి దీనిని కింద విడిగా వివరించడమైనది.

పద్ధతుల చరిత్ర

పనితనాన్ని విడదీసి చూసే పద్ధతికి రెండవ ప్రపంచయుద్ధ కాలంలో గొప్ప ఊపు వచ్చింది. అమెరికా ప్రభుత్వం 1940లో పరిశ్రమల్లోనే శిక్షణ ఇచ్చే ఒక సేవావిభాగాన్ని ఆరంభించింది. ఆయుధాలకు అవసరమైన కటకాలను సానపట్టే నిపుణులు అప్పట్లో చాలినంతమంది లేరు. నిపుణుడు తయారు కావడానికి ఏళ్ల తరబడి పట్టేది. ఆ విభాగం వారు నిపుణుని పనిని చిన్న చిన్న పనులుగా విడదీసి చూశారు. వాటిలో కొన్నింటికే గొప్ప నేర్పు అవసరమని, మిగిలినవి కొత్తవారు త్వరగా నేర్చుకోగలరని తేలింది. దానితో శిక్షణాకాలం నెలలకు తగ్గింది.

ఈ విభాగం 1945 వరకు పనిచేసింది. అది సూపర్‌వైజర్లకు నేర్పిన బోధన నాలుగు మెట్లలో సాగుతుంది: నేర్చుకొనేవారిని సిద్ధపరచడం, చేసి చూపడం, వారిచేత చేయించడం, తరువాత కనిపెట్టి ఉండడం. దానితోపాటు ఒక కాలపట్టికను కూడా సిఫారసు చేశారు. ఒకవైపు మనుషుల పేర్లు, మరొకవైపు పనుల పేర్లు రాసి, ఎవరికి ఏ పని వచ్చునో, రానిది ఏ తేదీలోగా నేర్పాలో గుర్తించడమే ఆ పట్టిక ఉద్దేశం. నేటి నైపుణ్య పట్టికలు దాదాపు ఇదే రూపంలో ఉంటాయి.

యుద్ధం తరువాత జపాన్ పరిశ్రమలు ఈ శిక్షణను శ్రద్ధగా స్వీకరించాయి. టయోటా సంస్థలో తాయిచీ ఓనో అనే ఇంజనీరు 1940ల చివరినుండి ఒక కార్మికుడు ఒకే యంత్రానికి కట్టుబడకుండా అనేక యంత్రాల పని నేర్చుకొనే ఏర్పాటు చేశాడు. 1951లో అదే సంస్థ కార్మికుల సూచనలను స్వీకరించే విధానాన్ని ప్రారంభించింది. అమెరికాలోని ఫోర్డ్ కర్మాగారంలో ఇటువంటి ఏర్పాటును చూసి వచ్చిన తరువాత దీనిని మొదలుపెట్టారు. పని ఎలా మెరుగుపడుతుందో పనిచేసేవారికి తెలుసుననే నమ్మకం ఆ విధానానికి పునాది.

చేతిలోని నేర్పు మాటల్లోకి ఎలా వస్తుందో చెప్పడానికి జపాన్‌కే చెందిన మరో ఉదాహరణ ప్రసిద్ధం. 1980ల మధ్యకాలంలో మత్సుషిత సంస్థ ఇంట్లో రొట్టె చేసుకొనే యంత్రాన్ని తయారు చేస్తున్నది. ఎంత ప్రయత్నించినా పిండి సరిగ్గా కలవడం లేదు. పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోయేది. అప్పుడు ఇకుకో తనాకా అనే ఉద్యోగిని ఒసాకాలో రొట్టెకు పేరుపొందిన ఒక హోటలు ప్రధాన వంటవాని వద్ద శిష్యురాలిగా చేరి పిండి పిసకడం నేర్చుకొంది. ఆయన పిండిని సాగదీసేటప్పుడు మెలితిప్పుతున్నాడని ఆమె గమనించింది. ఆ కదలికను అనుకరించేలా ఇంజనీర్లు యంత్రంలో మార్పులు చేశారు. యంత్రం 1987లో మార్కెట్లోకి వచ్చింది. చేతినేర్పు ఉన్నవారిని ప్రశ్నలు అడిగితే చాలదని, పక్కన నిలబడి చేస్తూ చూడాలని ఈ ఉదంతం తెలుపుతుంది.

నైపుణ్య పట్టిక తయారు చేసే విధానం

ఇందుకు కంప్యూటరు తప్పనిసరి కాదు. ఒక పెద్ద చార్టు కాగితం, ఒక పెన్సిలు ఉంటే చాలు.

1. పనుల జాబితా: ముందుగా సంస్థలోని పనులను విడదీసి రాయాలి. "కుట్టు" అని ఒక్క మాట రాస్తే ప్రయోజనం లేదు. కటింగ్, మామూలు కుట్టు, ఓవర్‌లాక్, కాలరు, కాజా-గుండీ, చెకింగ్, ఇస్త్రీ-ప్యాకింగ్, మిషను మరమ్మతు అని విడివిడిగా రాయాలి.

2. స్థాయిలు: ప్రతి పనికి 0 నుండి 4 వరకు అంకెలు ఇవ్వవచ్చు. 0 అంటే రాదు. 1 అంటే నేర్చుకొంటున్నారు. 2 అంటే ఒకరి సాయంతో చేయగలరు. 3 అంటే ఒంటరిగా నాణ్యత చెడకుండా చేయగలరు. 4 అంటే ఇతరులకు నేర్పగలరు.

3. స్వయంగా చెప్పుకోవడం: ప్రతి ఉద్యోగినీ ఏకాంతంగా కూర్చోబెట్టి తమ అంకెలను తామే చెప్పమనాలి. పనికి బయట వచ్చిన విద్యలను కూడా అడగాలి. అవి చెప్పాలా వద్దా అన్నది వారి ఇష్టం. నలుగురి ఎదుట అడిగితే బిడియస్థులు తక్కువ చెప్పుకొంటారు, మాటకారులు ఎక్కువ చెప్పుకొంటారు.

4. తోటివారిని అడగడం: "మిషను ఆగిపోతే మొదట ఎవరిని పిలుస్తారు?", "కొత్త పని అర్థం కాకపోతే ఎవరి దగ్గరకు వెళతారు?" అనే రెండు ప్రశ్నలు అందరినీ అడగాలి. ఎక్కువమంది నోట వచ్చిన పేరు హోదాల పట్టీలో పైన ఉండకపోవచ్చు. మరుగున ఉన్న నేర్పు బయటపడేది ఇక్కడే.

5. చేయించి చూడడం: చెప్పిన అంకెలను పనిలో సరిచూడాలి. దీనిని పరీక్ష అనే భయం కలగకుండా మామూలు పనివేళల్లో, తెలిసిన మిషను మీద జరపాలి. మొదటిసారి తడబడినవారికి రెండవ అవకాశం ఇవ్వాలి.

6. ప్రదర్శన, సవరణ: పట్టికను అందరికీ కనిపించే చోట పెట్టాలి. అంకె తప్పని ఎవరైనా భావిస్తే అడిగే హక్కు ఉండాలి. ఆరునెలలకు ఒకసారి తిరిగి సరిచూడాలి. లేకపోతే పట్టిక కూడా పాత హోదా వలెనే కాలం చెల్లిన కాగితం అవుతుంది.

పట్టికను చదవడం ఎలా?

పన్నెండుమంది పనిచేసే ఒక కుట్టు యూనిట్‌ను ఉదాహరణగా ఊహించుకోవచ్చు. పైన పేర్కొన్న పనులు ఎనిమిది. కాబట్టి పట్టికలో 96 గళ్లు ఉంటాయి.

మొదట నిలువుగా చదవాలి. కాలరు అనే వరుసలో 3 గానీ 4 గానీ ఉన్న మనిషి ఒక్కరే ఉన్నారనుకొందాం. ఆ ఒక్కరు ఇంట్లో పెళ్లికి వారంరోజులు సెలవు పెడితే ఆ వారం పని ఆగిపోతుంది. సంస్థకు ఉన్న బలహీనత ఇదేనని పట్టిక ముందుగానే హెచ్చరిస్తుంది.

తరువాత అడ్డంగా చదవాలి. ప్యాకింగ్ హెల్పరు వరుసలో కాలరు గడిలో 3 కనిపించిందనుకొందాం. ఆమె పెళ్లికి ముందు పుట్టింటివద్ద చొక్కాలు కుట్టిన మనిషి. యూనిట్‌లో చేరేనాటికి ప్యాకింగ్‌లో మాత్రమే ఖాళీ ఉంది కాబట్టి అందులో చేరింది. బయటినుండి మనిషిని తెచ్చుకొనే ఖర్చు, కొత్తమనిషికి పని అలవాటయ్యే కాలం రెండూ ఈ ఒక్క గడి మూలంగా మిగులుతాయి. చేతిలో వెన్న పెట్టుకొని నేతికోసం ఊరంతా తిరగవలసిన అవసరం తప్పుతుంది.

4 అంకె ఉన్నవారిని ప్రత్యేకంగా గమనించాలి. పని బాగా చేసేవారందరూ బాగా నేర్పలేరు. ఓర్పుతో నేర్పగలగడం వేరే నైపుణ్యం. సూపర్‌వైజరు పదవికి మనుషులను ఎంచేటప్పుడు వేగాన్ని మాత్రమే చూసి, ఈ గుణాన్ని విస్మరించడం అనేక సంస్థలు చేసే పొరపాటు.

సరిహద్దు ప్రాంతాల్లో భాష అనే నైపుణ్యం

తమిళనాడులోని హోసూరు చుట్టుపక్కల గ్రామాల్లో తెలుగు, కన్నడం, తమిళం మూడూ వినిపిస్తాయి. కర్ణాటకలోని కోలారు, బళ్లారి, రాయచూరు ప్రాంతాల్లో తెలుగు, కన్నడం పక్కపక్కనే నడుస్తాయి. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల్లో తెలుగు, ఒడియా కలిసి ఉంటాయి. మహారాష్ట్రలోని షోలాపురంలో తెలంగాణ జిల్లాలనుండి తరతరాల క్రితం వెళ్లి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు తెలుగుతోపాటు మరాఠీ, హిందీ మాట్లాడతాయి. ఈ ఇళ్లలో పెరిగిన పిల్లలకు రెండు మూడు భాషలు రావడం గాలి పీల్చుకొన్నంత సహజం. అందువల్లనే అదొక నైపుణ్యమని వారికి గాని, వారి యజమానులకు గాని తోచదు.

కర్మాగారంలో భాష విలువ ప్రమాద సమయంలో బాగా తెలుస్తుంది. వేరే రాష్ట్రంనుండి వచ్చిన మేనేజరు చెప్పిన జాగ్రత్తను గ్రామంనుండి వచ్చిన కార్మికునికి అర్థమయ్యే మాటల్లో చెప్పే మనిషి ప్రతి విభాగంలోనూ ఒకరు ఉంటారు. ఆ పనికి పేరు లేదు, జీతం లేదు. ఆ మనిషి సెలవులో ఉన్న రోజు మాత్రం అందరికీ ఆ లోటు తెలుస్తుంది.

నైపుణ్య పట్టికలో భాషకు కూడా చోటు ఇవ్వాలి. అయితే "తెలుగు వచ్చు, కన్నడం వచ్చు" అని రాస్తే సరిపోదు. మాట్లాడడం, చదవడం, రాయడం మూడింటికీ విడివిడి గళ్లు ఉండాలి. సరిహద్దు గ్రామాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో చదివి, తెలుగు లిపి చదవలేనివారు ఎందరో ఉన్నారు. అటువంటివారి కోసం హెచ్చరిక పలకను తెలుగులో రాయించినా వారికి ఉపయోగపడదు. రెండు లిపులూ చదవగలిగినవారు ఎవరో తెలిస్తే నోటీసులు, యంత్రాల సూచనలు, సరుకు రసీదులు వారిచేత సరిచూయించవచ్చు.

గ్రామీణ యువతకు సూక్ష్మమైన పరిశ్రమ పనులు రావనే అపోహకు కూడా ఈ ప్రాంతంలోనే సమాధానం ఉంది. హోసూరులో 1980లలో నెలకొన్న టైటాన్ గడియారాల కర్మాగారం చుట్టుపక్కల జిల్లాల్లో బడి చదువు ముగించిన యువతీయువకులను చేర్చుకొని, అతి చిన్న భాగాలను కూర్చే పనిలో వారికి శిక్షణ ఇచ్చింది. ఆ చేతుల్లోని ఒడుపు మార్కుల జాబితాలో కనిపించేది కాదు. పని చేతికి ఇచ్చి నేర్పినప్పుడే అది తెలిసింది.

తప్పించుకోవలసిన ప్రమాదాలు

నైపుణ్యాన్ని వెలికితీసే పని సరిగ్గా జరగకపోతే మేలుకంటే కీడే ఎక్కువ జరుగుతుంది.

మొదటి ప్రమాదం, పని పెరిగి జీతం పెరగకపోవడం. తనకు మరమ్మతు వచ్చునని చెప్పిన కార్మికునికి తన పనితోపాటు మరమ్మతు కూడా ఉచితంగా అంటగడితే, మరుసటిసారి ఎవ్వరూ నోరు విప్పరు. "తెలుసునని చెప్పడమే తప్పయింది" అనే మాట విభాగంలో ఒక్కసారి పుట్టిందంటే పట్టికకు విలువ పోయినట్టే. అందువల్ల ఏ స్థాయికి ఎంత అదనపు వేతనమో, ఏ హోదాకు ఎన్ని 3 అంకెలు కావాలో పట్టిక తయారీకి ముందే ప్రకటించాలి.

రెండవది, కులాన్ని బట్టి, ఊరిని బట్టి నైపుణ్యాన్ని ఊహించడం. ఫలానా కుటుంబంలో పుట్టాడు కాబట్టి ఫలానా పని వచ్చి ఉంటుందని అనుకోవడం, స్త్రీ కాబట్టి మిషను మరమ్మతు రాదని అనుకోవడం రెండూ అన్యాయాలే. కులవృత్తిని వదిలి వేరే జీవనం కోరి వచ్చిన మనిషిని తిరిగి అదే పనిలోకి నెట్టడం నైపుణ్య గుర్తింపు అనిపించుకోదు.

మూడవది, సూపర్‌వైజరు ఒక్కరే అంకెలు వేయడం. ఇష్టాయిష్టాలు అందులో చొరబడతాయి. తనకంటే ఎక్కువ పని తెలిసినవారిని తక్కువ చేసి చూపాలనే తలంపు కూడా కలగవచ్చు. కనీసం ఇద్దరు చూసి వేసిన అంకెకే విలువ ఉండాలి.

నాలుగవది, పట్టికను తొలగింపులకు సాధనంగా వాడడం. తక్కువ అంకెలున్నవారిని పంపివేస్తారనే అనుమానం వస్తే చెప్పిన అంకెలన్నీ అబద్ధాలే అవుతాయి. తక్కువ అంకె ఉన్నచోట శిక్షణ తేదీ రాయడమే దానికి విరుగుడు.

చట్టపరమైన, ప్రభుత్వపరమైన గుర్తింపు

సంస్థ గోడమీది పట్టిక ఆ సంస్థలోనే చెల్లుతుంది. బయట చెల్లుబాటు కావాలంటే ధ్రువపత్రం కావాలి. ఇందుకోసం మన దేశంలో కొన్ని ఏర్పాట్లు జరిగాయి.

జాతీయ నైపుణ్య అర్హతల చట్రాన్ని కేంద్ర ప్రభుత్వం 2013 డిసెంబరులో ప్రకటించింది. మొదట అందులో 10 స్థాయిలు ఉండగా 2023లో జరిగిన సవరణలో 8 స్థాయిలుగా మార్చారు. 2015 జూలై 15న ప్రారంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, అప్పటికే పని నేర్చుకున్నవారి పూర్వాభ్యసనాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే విభాగానికి చోటు కల్పించారు. బడిలో కాక పనిలోనే నేర్చుకున్న విద్యకు కూడా సాక్ష్యపత్రం ఉండాలన్నది దీని భావన. పని రాని వారికి ఇది పని నేర్పదు. ఉన్న పనితనాన్ని నిర్ణీత ప్రమాణంతో పోల్చి చూస్తుంది.

వేతనానికి, నైపుణ్యానికి చట్టంలోనే సంబంధం ఉంది. 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. కనీస వేతనాలను నిర్ణయించేటప్పుడు నైపుణ్యం లేని, పాక్షిక నైపుణ్యం గల, నైపుణ్యం గల, అధిక నైపుణ్యం గల అనే నాలుగు వర్గాలను ప్రభుత్వం పరిగణించాలని అది చెబుతుంది. అదేరోజు అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ తన పరిధిలోని సంస్థల యజమానులు ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని విధిస్తున్నది.

ఈ రెండింటినీ కలిపి చూస్తే విషయం స్పష్టమవుతుంది. ఏళ్ల తరబడి టైలరు పని చేస్తూ హెల్పరుగా నమోదైన స్త్రీ తక్కువ వర్గపు వేతనమే పొందుతూ ఉంటుంది. అది ఆమె ఇంటి సరుకుల జాబితాలో, పిల్లల ఫీజులో ప్రతినెలా కనిపించే లోటు. కనీస వేతనపు రేట్లు రాష్ట్రాన్ని బట్టి మారుతాయి కాబట్టి, సరిహద్దు దాటి పనికి వెళ్లేవారు తాము పనిచేసే రాష్ట్రపు రేట్లను కార్మిక శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం అవసరం.

కుటుంబాలు చేయదగిన పనులు

సంస్థ పట్టిక తయారు చేసేవరకు కార్మికులు చేతులు కట్టుకొని కూర్చోనక్కరలేదు. ఇంటిలోనే కొన్ని పనులు చేయవచ్చు.

• ఒక నోటుపుస్తకంలో ఏ సంవత్సరం, ఏ నెలనుండి ఏ పని చేశారో, ఏ మిషను మీద చేశారో రాసుకోవాలి. రాయడం రాని పెద్దల చేత చెప్పించి పిల్లలు రాయవచ్చు. పదో తరగతి చదివే పిల్లలకు తల్లి నిజంగా చేసే పని ఏమిటో అప్పుడే తెలుస్తుంది.

• నియామక పత్రంలో హోదా, వేతన వర్గం ఏమని రాశారో చదివించి చూసుకోవాలి. తెలియని భాషలో ఉన్న కాగితంమీద అర్థం తెలుసుకోకుండా సంతకం చేయరాదు.

• ఉద్యోగం మానేటప్పుడు అనుభవ పత్రం అడగాలి. "బాగా పనిచేశారు" అన్న మాటకంటే, చేసిన పనుల పేర్లు అందులో ఉండడం ముఖ్యం. ఓవర్‌లాక్ మిషను, కాలరు, చెకింగ్ అని రాసి ఉంటే తదుపరి సంస్థలో మళ్లీ హెల్పరుగా మొదలుపెట్టవలసిన పని ఉండదు.

• వచ్చిన భాషలను, చదవగలిగిన లిపులను దరఖాస్తులో తప్పక రాయాలి. తెలుగు లిపి రాని పిల్లలకు ఇంట్లో పెద్దలు రోజుకు కొంతసేపు నేర్పితే, మాటల్లో ఉన్న భాషకు చదువు కూడా తోడవుతుంది.

• జీతపు చీటీలు, హాజరు కార్డులు, శిక్షణ పత్రాలు ఒకే సంచిలో భద్రపరచాలి. వర్గం గురించి ప్రశ్న తలెత్తినప్పుడు ఇవే ఆధారాలు.

ముగింపు

సంస్థ పెరగడం అందరికీ సంతోషకరమైన విషయమే. అయితే సంస్థ పెరిగేకొద్దీ అందులోని మనిషి చిన్నగా కనిపించడం సహజంగా జరిగే దోషం. దానిని సరిదిద్దడానికి పెద్ద పెట్టుబడి అవసరం లేదు. పనులను విడదీసి రాయడం, మనుషులను గౌరవంగా అడగడం, చేయించి చూడడం, చూసినదానిని కాగితంమీద పెట్టడం, ఆ కాగితానికి తగిన వేతనం ఇవ్వడం చాలు. ఇందులో చివరిది లోపిస్తే మొదటి నాలుగూ వ్యర్థమవుతాయి.

అట్టపెట్టెలకు టేపు అంటించే స్త్రీకి కాలరు కుట్టడం వచ్చునని ఆమె ఇంటివారికి ఎప్పుడో తెలుసు. ఆమె పనిచేసే చోట కూడా అది తెలిసి, ఆమె జీతపు చీటీలో కనిపించిన రోజున ఆ యూనిట్‌కు మనిషి కొరత తీరుతుంది, ఆమె ఇంటికి ఆదాయం పెరుగుతుంది.